వాన పడితే బ్రేక్ పట్టని కారు: మెటల్ పెడళ్ల మీద ఒక కేస్ స్టడీ

జులై వానల్లో ఆటోనగర్‌లోని మా షెడ్‌కి ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్ వచ్చింది. పెట్రోల్ బండి, మాన్యువల్ గేర్. యజమాని ఉయ్యూరు వైపు వ్యవసాయం చేస్తూ ఎరువుల షాపు కూడా నడుపుతారు. బండి ఆయనా తోలతారు, ఆయన భార్యా తోలతారు. జాబ్ కార్డు మీద రాయించిన కంప్లయింట్ ఒక్కటే: "వాన పడితే బ్రేక్ పట్టడం లేదు."

అప్పటికే వేరే చోట ముందు చక్రాల ప్యాడ్లు మార్పించారు, బ్రేక్ ఆయిల్ మార్పించారు. తర్వాత ఎండ కాసినన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు. ముసురు పట్టగానే మళ్లీ అదే కంప్లయింట్.

ఇలాంటి కేసులో బానెట్ ఎత్తే ముందు బండి తోలిన మనిషితో మాట్లాడాలి. యజమాని చెప్పేది విన్నాక, ఆ సంఘటన జరిగినప్పుడు స్టీరింగ్ దగ్గర ఎవరున్నారని అడిగాను. ఆయన భార్య. మర్నాడు ఆవిడను కూడా రమ్మన్నాను.

ఆవిడ చెప్పింది ఇది. కంకిపాడు దాటాక ముందు వెళ్తున్న ఆర్టీసీ బస్సు స్టాపులో ఆగింది. సన్నగా వాన. ఆవిడ అప్పుడే షాపు ముందు నీళ్లలో నడిచి వచ్చి బండి ఎక్కారు. బస్సు ఆగడం చూసి బ్రేక్ తొక్కారు. బండి ఆగలేదు. రెండోసారి తొక్కితే ఆగింది, బస్సుకి చాలా దగ్గరలో.

"మొదటిసారి తొక్కినప్పుడు ఇంకేమైనా అనిపించిందా అమ్మా? పెడల్ గట్టిగా ఉందా, లోపలికి దిగిపోయిందా?"

"అదేం గుర్తు లేదండీ. ఇంజన్ సౌండ్ మాత్రం ఒక్కసారి పెరిగింది."

పక్కనే ఉన్న భర్త వెంటనే అందుకున్నారు. "అదేనండీ నేను చెప్పేది. కంగారులో ఎక్సలేటర్ తొక్కేసి ఉంటుంది."

ఆడవాళ్లు బండి తోలితే ఇలాంటి మాట చాలా తేలిగ్గా వచ్చేస్తుంది. ఆ మాటతో చాలా కేసులు అక్కడే మూతపడతాయి, బండిలో ఉన్న తప్పు బండిలోనే ఉండిపోతుంది. ఆవిడ పదేళ్లుగా బండి తోలుతున్నారు, పాత కారులో ఎప్పుడూ ఇలా జరగలేదు. వానలోనే ఎందుకు జరుగుతోంది? కంగారుకి ఎండా వానా తేడా ఉండదు కదా. ఆవిడ చెప్పిన ఇంజన్ సౌండ్‌నే నేను పట్టుకున్నాను.

ముందు బ్రేకుల సంగతి తేల్చాలి

తడిలో బ్రేక్ పట్టడం లేదంటే మెకానిక్ మనసు మొదట డిస్కుల మీదికే పోతుంది. అది సహజం. నీళ్లలోంచి బండి దాటాక డిస్కుల మీద, వెనక డ్రమ్ముల లోపల తడి నిలుస్తుంది, మొదటి తొక్కుకు పట్టు తగ్గుతుంది. డ్రమ్ముల్లోకి నీరు చేరితే ఆరడానికి ఇంకా టైం పడుతుంది. కానీ ఆ లక్షణం వేరు. అప్పుడు కాలు పెడల్ మీదే ఉంటుంది, పెడల్ గట్టిగా తగులుతూ ఉంటుంది, బండి మాత్రం ఆలస్యంగా నెమ్మదిస్తుంది. ఇంజన్ సౌండ్ పెరగడానికి ఏ కారణమూ లేదు.

బూస్టర్ (తొక్కే బలాన్ని పెంచే భాగం) లోపం అయినా అంతే, పెడల్ రాయిలా గట్టిపడుతుంది. ఇంజన్ ఆపి పెడల్‌ని నాలుగైదు సార్లు కొట్టి, కాలు అలాగే అదిమి పట్టి ఇంజన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగాలి. ఈ బండిలో దిగింది. మాస్టర్ సిలిండర్ (పెడల్ ఒత్తిడిని బ్రేక్ ఆయిల్‌కి అందించే భాగం) లోపల లీక్ ఉంటే అదిమి పట్టిన పెడల్ మెల్లగా ఫ్లోర్ వైపు జారుతుంది. అది కూడా లేదు. ఆయిల్ లెవెల్ సరిగా ఉంది, లైన్లలో గాలి లేదు, డిస్కులు శుభ్రంగా ఉన్నాయి, వెనక బ్రేక్ షూల మందం చాలినంత ఉంది. మా కుర్రాణ్ణి వెంటబెట్టుకుని బయట ఒక రౌండ్ వేసి, ఖాళీ రోడ్డు మీద గట్టిగా తొక్కి చూశాను. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కొట్టుకుంది, బండి గీత గీసినట్టు నిలబడింది. అప్పుడు నా కాళ్లకు ఉన్నవి పొడి బూట్లు.

ఇక మిగిలింది డ్రైవర్ కాళ్ల దగ్గరి చోటు.

టార్చి వేసి చూస్తే

మూడు పెడళ్లకూ అల్యూమినియం కవర్లు. రెండేళ్ల కిందట యాక్సెసరీస్ షాపులో వేయించారట. అన్ని బండ్లకూ సరిపోతుందని అమ్మే యూనివర్సల్ సెట్ ఇది. పైన చిల్లులున్న పళ్లెం, చిల్లుల మధ్య రబ్బరు బొడిపెలు, వెనక ఒక పట్టీ, రెండు బోల్టులు. కంపెనీ రబ్బరు తీయకుండానే దాని మీద ఈ పళ్లెం పెట్టి, వెనక పట్టీతో బిగించేస్తారు.

బ్రేక్ పెడల్ కుడి సగంలో బొడిపెలు అరిగి మెటల్‌తో సమానమైపోయాయి. రెండు చోట్ల బొడిపె ఊడి, దాని గుంట మాత్రమే మిగిలింది. ఎడమ సగంలో మాత్రం కొత్తవాటిలా నిలబడి ఉన్నాయి. దీనికి కారణం ఉంది. చాలామంది మడమను ఎక్సలేటర్ ముందే ఉంచి, వేళ్ల వైపు మాత్రం బ్రేక్ మీదికి తిప్పుతారు. అందుకే పాదం ప్రతిసారీ బ్రేక్ పెడల్ కుడి అంచు మీదే పడుతుంది. ఎక్కువ అవసరం ఉన్న చోటే పట్టు ముందుగా పోతుంది. పైనుంచి ఒక చూపు చూసినవాడికి సగం బొడిపెలు బాగానే కనిపిస్తాయి, పెడల్ బాగుందనుకుంటాడు.

చేత్తో పట్టుకుని కదిపితే బ్రేక్ కవర్ కదిలింది. కింద ఉన్న కంపెనీ రబ్బరు మెత్తగా ఉంటుంది. రోజూ తొక్కుతుంటే అది అణిగి బోల్టుల బిగువు వదులవుతుంది. అలా కవర్ కాస్త తిరిగి కుడివైపు వాలి ఉంది. ఎక్సలేటర్ కవరేమో కంపెనీ పెడల్ కంటే వెడల్పు. రెండు పెడళ్ల మధ్య ఉండాల్సిన సందు రెండు వైపుల నుంచీ తగ్గిపోయింది. కంపెనీ రబ్బరు మీద పళ్లెం మందం కూడా చేరి బ్రేక్ పెడల్ మామూలు కంటే ఎత్తయింది. ఎక్సలేటర్ మీంచి బ్రేక్ మీదికి కాలు మార్చేటప్పుడు పాదాన్ని ఇంకొంచెం ఎత్తాలి. అలవాటైన ఎత్తులో తెస్తే పాదం పెడల్ ముఖం మీద పూర్తిగా ఆనదు.

కింద 7డి మ్యాట్, అంటే పొరలు పొరలుగా ఉండే మందపాటి మ్యాట్. అదీ కంపెనీ కార్పెట్ మీద పరిచిందే. మడమ ఆనే చోట నున్నటి తోలు లాంటి రెక్సిన్.

అన్నిటికంటే నన్ను ఆపింది పెడళ్ల మీది మెరుపు. రెండేళ్లు వాడిన పెడల్, అదీ పొలం మట్టి తొక్కిన కాళ్ల కింద ఉన్న పెడల్, అలా మెరవకూడదు. నాలుగు చుక్కల నీళ్లు వేసి చూస్తే, పరుచుకోకుండా పూసల్లా నిలిచాయి. వేలితో రాస్తే జిడ్డులా జారింది.

"వాటర్ సర్వీసింగ్ ఎక్కడ చేయిస్తారండీ?"

ఇంటి దగ్గర్లోనే, నెలకోసారి. కడిగాక కుర్రాడు డాష్‌బోర్డుకీ, డోర్లకీ, మ్యాట్లకీ పాలిష్ కొడతాడు. అదే గుడ్డతో పెడళ్లు కూడా తుడుస్తాడు. బండి ఇచ్చేటప్పుడు అన్నీ మెరవాలి మరి. ఆ కుర్రాణ్ణి తప్పు పట్టను, పెడల్ మీద కొట్టకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు. ఈ డాష్‌బోర్డు పాలిష్‌లలో చాలావరకు సిలికాన్ ఆయిల్ ఉంటుంది. నీళ్లకు కరగదు, వానకు పోదు, ఎండకు ఆరదు. రబ్బరు మీద పడితే రబ్బరు పట్టునే తీసేస్తుంది. టైరు సైడ్‌వాల్‌కి కొట్టేవాళ్లు కూడా నేలను తాకే ట్రెడ్ మీద పడకుండా చూసుకునేది ఇందుకే.

షెడ్‌లోనే జార్చి చూశాం

అనుమానం ఎంత బలంగా ఉన్నా కళ్లతో చూసేదాకా కేసు తేలినట్టు కాదు. ఇంజన్ ఆపి, చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి, ఆవిడను ఆరోజు వేసుకున్న చెప్పులతోనే సీట్లో కూర్చోమన్నాను. చెప్పుల అడుగు తడిపాను, పెడల్ మీద నీళ్లు చిలకరించాను. నెమ్మదిగా తొక్కమంటే కాలు నిలబడింది. ఎదురుగా బస్సు ఆగిందనుకుని ఎక్సలేటర్ మీంచి ఒక్కసారిగా కాలు తీసి కొట్టమన్నాను. పాదం బ్రేక్ కుడి అంచు మీద పడి, జారి, చెప్పు పక్క భాగం ఎక్సలేటర్‌కి తగిలింది. ఇంజన్ నడుస్తూ ఉంటే సౌండ్ పెరిగేది అప్పుడే.

తర్వాత ఆయన్ని కూర్చోమన్నాను. ఆయన పొలానికి వేసుకెళ్లే హవాయి చెప్పులు, అడుగు పూర్తిగా అరిగినవి. ఆయన కాలు కూడా అలాగే జారింది. దిగి వచ్చి భార్యతో, "నీదేం తప్పు లేదు, నేనే అనవసరంగా అన్నాను" అన్నారు. ఆ మాట నా ముందే అన్నందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

నెమ్మదిగా తొక్కితే ఆగడం, వేగంగా తొక్కితే జారడం ఈ కేసుకి గుండెకాయ. చెప్పుకీ పెడల్‌కీ మధ్య ఉన్న నీటి పొర పక్కలకు తప్పుకోవాలంటే కొంత టైం కావాలి. నిదానంగా అదిమితే ఆ టైం దొరుకుతుంది. ఎమర్జెన్సీలో దొరకదు. నున్నటి వెడల్పాటి మెటల్ మీద నీటికి పోయే దారి కూడా ఉండదు. రబ్బరు పెడల్ మీద గాళ్లు (లోతు గీతలు) ఉండేది నీటికి ఆ దారి ఇవ్వడానికే. బొడిపెలు చేసే పని ఇంకొకటి. పాదం బరువంతా ఆ కొద్దిపాటి రబ్బరు ముక్కల మీద పడుతుంది కాబట్టి అక్కడ ఒత్తిడి ఎక్కువై నీటి పొర తెగుతుంది, రబ్బరు చెప్పుని నేరుగా పట్టుకుంటుంది. అంటే మంచి మెటల్ పెడల్ మీద కూడా నిజంగా కాలిని పట్టుకునేది మెటల్ కాదు, దానిపైకి పొడుచుకొచ్చిన రబ్బరు. ఆ రబ్బరు మెటల్‌తో సమానంగా అరిగిపోయిన రోజు నుంచి మీరు తొక్కేది పాచి పట్టిన చెరువు మెట్టునే.

చిల్లులున్నాయి కదా, నీళ్లు దిగిపోతాయి కదా అని చాలామంది అడుగుతారు. శుభ్రంగా ఉన్నప్పుడు దిగుతాయి. మా కృష్ణా జిల్లా నల్లరేగడి తొక్కి వచ్చిన కాలు రెండుసార్లు పెట్టగానే ఆ చిల్లులు మూసుకుపోతాయి. ఆ తర్వాత చిల్లున్నా లేకపోయినా ఒక్కటే. తడిసిన బంకమట్టి ఉత్త నీళ్ల కంటే ఎక్కువ జారుతుంది.

గట్టిగా తొక్కితే జారదు కదా?

ఇది ఆ యజమానే అడిగారు. మంచి ప్రశ్న, దీని జవాబు చాలామంది డ్రైవర్లకు తెలియాలి. ఒత్తిడి పెరిగితే పట్టు కూడా పెరుగుతుంది, నిజమే. కానీ పక్కకు తోసే బలం కూడా అదే లెక్కలో పెరుగుతుంది. కాలు జారుతుందా లేదా అన్నది ఎంత బలంగా తొక్కారన్న దాని మీద కాదు, పెడల్ ముఖానికి ఎంత వాలుగా తొక్కారన్న దాని మీద ఉంటుంది. ఘర్షణ గుణకం, అంటే పట్టు ఎంతుందో చెప్పే అంకె, 0.5 ఉంటే నేరుగా తొక్కే దిశ నుంచి దాదాపు 26 డిగ్రీల వాలు వరకు కాలు నిలబడుతుంది. అదే 0.2కి పడిపోతే 11 డిగ్రీలకే జారుతుంది, ఎంత బలంగా తొక్కినా సరే. ఈ బండిలో కవర్ కుడికి వాలి ఉంది, మడమ కుడివైపు ఉంది, పాదం వంకరగా పడుతోంది. వాలు ముందే సిద్ధంగా ఉన్నట్టు.

ఇంకో సంగతి. బ్రేక్ పెడల్ పైనుంచి వేలాడుతుంది, దాని ఇరుసు డాష్‌బోర్డు కింద ఉంటుంది. పాదం తిరిగే ఇరుసు కింద ఫ్లోర్ మీద ఆనిన మడమ. ఒకటి పైన కేంద్రంగా, ఒకటి కింద కేంద్రంగా తిరుగుతుంటే పెడల్ లోపలికి దిగే కొద్దీ పాదమూ పెడలూ ఒకదాని మీద ఒకటి కొంచెం జరగక తప్పదు. పొడి రబ్బరు మీద ఆ జరుగుడు మనకు తెలియను కూడా తెలియదు. తడి మెటల్ మీద అదే జారుడికి మొదలవుతుంది.

కార్ల బ్రేకులకు ఐక్యరాజ్యసమితి పెట్టిన 13-హెచ్ నిబంధనలో పెడల్ మీద పెట్టే బలానికి పై హద్దు 500 న్యూటన్లు, అంటే సుమారు 50 కిలోల బరువంత. ఆ బలానికి బండి ఎంత దూరంలో ఆగాలో పరీక్షిస్తారు. ఆ లెక్కలన్నీ కాలు పెడల్ మీద నిలబడిందన్న నమ్మకం మీద నడుస్తాయి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. కాలు జారి, మళ్లీ ఎత్తి, మళ్లీ తొక్కడానికి అర సెకను పట్టిందనుకున్నా 7 మీటర్లు బ్రేక్ లేకుండా పోయినట్టే. ఆ అర సెకనులో ఎక్సలేటర్ కూడా నొక్కుకుంటే పరిస్థితి ఇంకా చెడ్డది. ఏబీఎస్ ఉన్న బండిలో కాలు తీయకుండా అదిమి పట్టి ఉంచడమే డ్రైవర్ చేయాల్సిన పని. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో తయారయ్యే కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. పెడల్ అదురుతున్నప్పుడు తడి కాలు అక్కడ నిలవకపోతే అంత మంచి సదుపాయమూ ఏమీ చేయలేదు.

పెడల్ మీద పెట్టే వస్తువు చిన్నదని తీసిపారేయకూడదు

చిన్న కవర్ కదా, దీనికింత రాద్ధాంతమా అనేవాళ్లకి రెండు సంఘటనలు చెబుతుంటాను. ఆ యజమానికీ చెప్పాను.

2024 ఏప్రిల్‌లో టెస్లా కంపెనీ అమెరికాలో 3,878 సైబర్‌ట్రక్కులను వెనక్కి పిలిపించింది. ఎక్సలేటర్ పెడల్ మీది మెటల్ ప్యాడ్ ఊడి పైకి జరిగి, పెడల్ పైనున్న ట్రిమ్ (లోపలి కవర్) కింద ఇరుక్కునే ప్రమాదం ఉందని. అలా ఇరుక్కుంటే ఎక్సలేటర్ నొక్కినట్టే ఉండిపోతుంది. దానికి కంపెనీ చెప్పిన కారణం చూడండి: ప్యాడ్‌ని పెడల్ మీద సులువుగా ఎక్కించడానికి ఫ్యాక్టరీలో సబ్బు వాడారు, అది ముందుగా ఆమోదించిన పద్ధతి కాదు, మిగిలిపోయిన ఆ సబ్బు వల్ల ప్యాడ్ పట్టు తగ్గింది. అంత పెద్ద ట్రక్కు ఎక్సలేటర్‌ని ఇరికించే ప్రమాదం తెచ్చింది జారే పూత ఒకటి. మన దగ్గర అదే పనిని వాటర్ సర్వీసింగ్ పాలిష్ చేస్తోంది.

రెండోది 2009 ఆగస్టులో, కాలిఫోర్నియాలోని శాన్ డియాగో దగ్గర. డీలర్ తాత్కాలికంగా ఇచ్చిన లెక్సస్ ఈఎస్ 350 కారులో వేరే మోడల్‌కి చెందిన రబ్బరు మ్యాట్ ఉంది. అది ఎక్సలేటర్‌ని పట్టేసింది. కారు ఆగలేదు, నలుగురు చనిపోయారు. ఆ తర్వాత టొయోటా దాదాపు 38 లక్షల బండ్లకు రీకాల్ ప్రకటించింది. చేసిన మార్పుల్లో ఎక్సలేటర్ పెడల్ పొడవు తగ్గించడం కూడా ఉంది, మ్యాట్‌కి తగలకుండా. పెడల్‌కీ మ్యాట్‌కీ మధ్య కొద్దిపాటి సందు కోసం అంత పెద్ద కంపెనీ పెడళ్లను కోయించింది. మనమేమో ఆ సందులోనే 7డి మ్యాట్ వేసి, పైన పళ్లెం బిగిస్తున్నాం.

బల్ల మీద చేసిన పరీక్ష

కవర్లు విప్పాక ఒక పరీక్ష చేశాను. ఏ వర్క్‌షాపులోనైనా చేయొచ్చు. పెడల్ కవర్‌ని వైస్‌లో పట్టించి, దాని మీద చెప్పు అడుగు ముక్క పెట్టి, పైన ఒక బరువు ఉంచి, స్ప్రింగ్ త్రాసు కొక్కేన్ని చెప్పుకి తగిలించి అడ్డంగా లాగాలి. చెప్పు కదిలిన క్షణంలో త్రాసు చూపించే అంకె రాసుకోవాలి. దాన్ని పైనున్న బరువుతో భాగిస్తే ఘర్షణ గుణకం.

పొడిగా ఉన్నప్పుడు కంపెనీ రబ్బరు, అల్యూమినియం కవర్ మధ్య తేడా ఉంది కానీ భయపడేంత లేదు. తడిపాక కంపెనీ రబ్బరు కొంచెం తగ్గింది, అంతే. బొడిపెలు నిలబడి ఉన్న ఎడమ సగం కూడా ఫరవాలేదు, రబ్బరుకి దగ్గరగానే నిలిచింది. అరిగిన కుడి సగం తడిలో సగానికి పైగా పడిపోయింది. పాలిష్ కొట్టిన చోట తడిపితే త్రాసు ముల్లు అసలు కదలనట్టే ఉంది, చెప్పు అంత తేలిగ్గా జారింది. పాలిష్‌ని కంపెనీ రబ్బరు మీద కొట్టి చూసినా పట్టు ఘోరంగా పోయింది. కాబట్టి మెటల్ పెడళ్లు లేనివాళ్లు మాకేంటిలే అనుకోకూడదు.

తర్వాత కాలితో తొక్కి చూసినప్పుడు హవాయి చెప్పు గురించి ఇంకొకటి బయటపడింది. పెడల్ దగ్గర పట్టు బాగున్నప్పుడు జారుడు చెప్పు లోపలికి మారింది, అంటే తడి అరికాలు చెప్పు మీద జారింది. వెనక పట్టీ లేని చెప్పులో రెండు చోట్ల తడి ఉంటుంది: కాలికీ చెప్పుకీ మధ్య ఒకటి, చెప్పుకీ పెడల్‌కీ మధ్య ఒకటి. పెడల్ ఒక్కటే బాగుచేస్తే జారుడు పూర్తిగా పోదు. పైగా హవాయి చెప్పు ముందు అంచు మడత పడి పెడల్ కింద దూరడం కూడా నేను వేరే బండ్లలో చూశాను.

చేసిన పని

మూడు కవర్లూ తీసేశాం. కింద ఉన్న కంపెనీ రబ్బర్లు పట్టీ బిగింపుకి నలిగి, ఒక మూల చిరిగి ఉన్నాయి. బ్రేక్‌కీ క్లచ్‌కీ కొత్త కంపెనీ రబ్బర్లు వేశాం. వాటి ధర చాలా తక్కువ, మార్చడానికి పట్టే టైం ఇంకా తక్కువ. కొత్త రబ్బరుని ఎక్కించేటప్పుడు సబ్బు నీళ్లు రాసి తోయడం కొంతమందికి అలవాటు. నేను ఉత్త వేడి నీళ్లలో రబ్బరుని మెత్తబరిచి, తుడిచి ఎక్కిస్తాను. కారణం టెస్లా కేసులో చెప్పిందే.

ఎక్సలేటర్ పెడల్‌నీ, పెడల్ కాడలనూ గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచాం. ప్రతిసారీ కొత్త గుడ్డ వాడాలి, లేకపోతే సిలికాన్‌ని ఒకచోట తీసి ఇంకోచోట రాసినట్టే. పెట్రోల్‌తో తుడవొద్దు. రబ్బరు ఉబ్బుతుంది, మూసి ఉన్న కారులో ఆవిరి నిలిచి నిప్పు ప్రమాదం కూడా. తుడిచాక నీళ్లు చల్లితే పూసల్లా నిలవకుండా పరుచుకోవాలి. అప్పుడే పాలిష్ పోయినట్టు.

7డి మ్యాట్‌ని డ్రైవర్ వైపు తీసేసి, కంపెనీ కొక్కేలకు తగిలే ఒక్క పొర రబ్బరు మ్యాట్ వేశాం. మిగతా సీట్ల దగ్గర వాళ్ల ఇష్టం. ఎక్సలేటర్‌ని చివరిదాకా నొక్కి, వదిలి, ఎక్కడా మ్యాట్‌కి తగలకుండా వెనక్కి వస్తోందా అని చేత్తో చూడటం ఈ పనిలో భాగమే.

ఒక విషయంలో యజమానికీ నాకూ అభిప్రాయం కలవలేదు. ఆయనకు మెటల్ పెడళ్ల అందం ఇష్టం. కవర్ల మీద మెట్లకు అంటించే గరుకు టేపు వేసి మళ్లీ బిగించమన్నారు. బ్రేక్ మీద అయితే కొన్నాళ్లు పట్టు ఉంటుంది, నిజమే. కానీ వానాకాలంలో నీళ్లు జిగురు కిందికి చేరి అంచులు లేస్తాయి, లేచిన అంచుకు చెప్పు తట్టుకుంటుంది. ఎక్సలేటర్ మీద అయితే గరుకు అసలు వద్దు. అక్కడ పాదం మెత్తగా దొర్లాలి, ఇరుక్కోకూడదు. అన్నిటికీ మించి కవర్ తిరిగిపోవడం, ఎత్తు పెరగడం, సందు తగ్గడం అనే మూడు లోపాలకూ టేపు మందు కాదు. నేను బిగించనని చెప్పాను. ఆయన కాసేపు నసిగి, చివరికి కవర్లను డిక్కీలో వేసుకుని వెళ్లారు.

మెటల్ పెడళ్లంటేనే చెడ్డవని ఈ కేసు చెప్పడం లేదు. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, స్కోడా కుషాక్ మాంటే కార్లో లాంటి బండ్లకు కంపెనీలే మెటల్ పెడళ్లు ఇస్తున్నాయి. అవి ఆ పెడల్ కాడకి సరిపోయేలా చేసినవి, ఒకదాని మీద ఇంకొకటి కాదు. రబ్బరు మెటల్‌లోంచి పైకి పొడుచుకు వచ్చి ఉంటుంది. సందులు, ఎత్తులు కంపెనీ లెక్క ప్రకారమే ఉంటాయి. వాటికి కూడా నేను చూసేది రబ్బరు ఎత్తే. గోరు అడ్డంగా పెట్టి లాగితే బొడిపెకి తట్టుకోవాలి. తట్టుకోకుండా పోతే, మిగతా పెడల్ ఎంత బాగున్నా, దాని టైం అయిపోయినట్టే. రేసు కార్ల పెడళ్లు చూసి ముచ్చటపడి యూనివర్సల్ సెట్ వేయించుకునే కుర్రాళ్లు ఒకటి గమనించాలి: ఆ డ్రైవర్ల కాళ్లకు పల్చటి రబ్బరు సోల్ ఉన్న ప్రత్యేకమైన బూట్లుంటాయి. మన కాళ్లకు వానలో నానిన చెప్పులుంటాయి.

తర్వాత

బండి ఇచ్చే ముందు ఆవిడతోనే, తడిపిన అవే చెప్పులతో, షెడ్ వెనక ఖాళీ స్థలంలో నెమ్మది వేగంలో ఎమర్జెన్సీ బ్రేక్ కొట్టించాను. కాలు నిలబడింది, ఇంజన్ సౌండ్ మారలేదు. బండిలో పొడి గుడ్డ ఒకటి, వెనక పట్టీ ఉన్న చెప్పుల జత ఒకటి పెట్టుకోమన్నాను. పొలం నుంచి వచ్చినప్పుడు సీట్లో పక్కకు కూర్చుని, అడుగు తుడుచుకుని, అప్పుడు కాళ్లు లోపలికి పెట్టుకోమన్నాను. ఆవిడ ఆ రోజు నుంచే మొదలుపెట్టారు. ఆయనకు అలవాటు కావడానికి టైం పట్టింది.

వాటర్ సర్వీసింగ్ కుర్రాడితో కూడా ఫోన్‌లో మాట్లాడాను. స్టీరింగ్, గేర్ నాబ్, పెడళ్లు, మడమ ఆనే చోటు — ఈ నాలుగింటికీ పాలిష్ తగలకూడదని చెప్పాను. ఎందుకో వివరంగా అడిగి తెలుసుకున్నాడు. తన దగ్గరికొచ్చే అన్ని బండ్లకూ అలాగే చేస్తానన్నాడు.

ఆ ఏడాది అక్టోబరు, నవంబరు తుఫాను వానల్లో కూడా ఆ బండిలో మళ్లీ ఆ కంప్లయింట్ రాలేదు. డిసెంబరులో సర్వీసుకి వచ్చినప్పుడు బ్రేక్ రబ్బరు చూశాను, గాళ్లు లోతుగానే ఉన్నాయి, కుడి అంచు మాత్రం అప్పుడే కొంచెం నునుపు తేలింది. వచ్చే జూన్‌లో తొలకరికి ముందే ఆ ఒక్క రబ్బరు మార్చాలని జాబ్ కార్డు మీద రాసి ఇచ్చాను.